సంఘం పెడితే సరిపోదు: ప్రజాస్వామ్యానికి పనికొచ్చేలా నడపడం ఎలా?

సంఘాలు ఎక్కువగా ఉన్నచోట ప్రజాస్వామ్యం గట్టిగా ఉంటుందని ఒక నమ్మకం ఉంది. దానికి పాత మూలమే ఉంది. 1831లో అమెరికా చూడబోయిన ఫ్రెంచి యువకుడు అలెక్సిస్ ద టోక్విల్, అక్కడివాళ్ళు ప్రతి చిన్న పనికీ ఓ సంఘం పెట్టుకోవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఫ్రాన్స్‌లో అయితే ప్రభుత్వం, ఇంగ్లండ్‌లో అయితే ఏ పెద్ద ప్రభువో తలపెట్టే పనిని ఇక్కడ మామూలు జనం కలిసి చేసుకుంటున్నారని రాశాడు.

లెక్క అంత సులువుగా కుదరదు. 1920లలో జర్మనీలో ఊరూరా పాటల క్లబ్బులు, వ్యాయామ సంఘాలు, మాజీ సైనికుల సంఘాలు, వృత్తి సంఘాలు ఉండేవి. ఆ దేశంలోనే 1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. ఆ సంఘాల్లో చాలావాటిలోకి నాజీలు ముందే దూరిపోయి, వాటి పరిచయాలనే తమ ప్రచారానికి వాడుకున్నారని తర్వాత పరిశోధకులు చూపించారు.

కాబట్టి మీది నివాసుల సంఘమైనా, రైతు సంఘమైనా, లైబ్రరీ కమిటీ అయినా, పిల్లల తల్లిదండ్రుల సంఘమైనా రెండు ప్రశ్నలు వేసుకోండి. లోపల ఒక మామూలు సభ్యుడు అధ్యక్షుణ్ణి నిలదీయగలడా? బయట ఆ సంఘం ప్రభుత్వాన్ని నిలదీయగలదా? మొదటిది లేనిచోట రెండోది ఎక్కువ కాలం నిలవదు. అందుకే కింద మొదటిదానికే ఎక్కువ చోటిచ్చాను. అది పూర్తిగా మన చేతిలో ఉన్న పని, ఎక్కువమంది వదిలేసే పని కూడా అదే.

1. ముందు పని వెతకండి, పేరు తర్వాత

చాలా సంఘాలు పేరుతో, లెటర్‌హెడ్‌తో, ఎవరు అధ్యక్షుడన్న గొడవతో మొదలవుతాయి. అందుకు బదులు మూడు లక్షణాలున్న ఒక పని పట్టుకోండి. అది చాలామందిని ఇబ్బంది పెడుతూ ఉండాలి. కొన్ని నెలల్లో ఫలితం కంటికి కనిపించాలి. అందులో ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయానికి బాధ్యత ఉండాలి.

మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. వీధి దీపాలు వెలగడం లేదనుకుందాం. తలా కొంత వేసుకుని బల్బులు బిగిస్తే అది సేవ. ఈ దీపాల నిర్వహణ ఎవరిది, ఈ ఏడాది దానికి ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది అని అడిగితే అది పౌరుల పని. చీకట్లో పిల్లలు పడిపోతుంటే బల్బులు ముందు బిగించండి, తప్పులేదు. కానీ ఏళ్ళ తరబడి మొదటిదే చేస్తూ పోతే, పన్నులు తీసుకునేవాళ్ళకు మనం జీతం లేని సిబ్బందిగా మిగులుతాం.

సంఘం లక్ష్యం రాజకీయమైనదే కానక్కర్లేదు. నిజాం పాలనలోని హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది పుస్తకాల కోసం. అలాంటి గ్రంథాలయాల చుట్టూ సభ నడపడం, ఉపన్యసించడం, చందా లెక్క రాయడం జనానికి అలవాటయ్యాయి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ఆ అలవాటు పనికొచ్చింది.

2. నియమావళి రెండు పేజీలు మించనివ్వకండి

ఇంకో సంఘం బైలాస్ తెచ్చి పేరు మార్చేయడం అందరూ చేసే పని. అందులో ఏముందో తర్వాత ఎవరికీ తెలియదు. అందుకే సభ్యులందరూ ఒక్క కూర్చోడంలో చదవగలిగేంతే రాయండి: ఎవరు సభ్యులు, ఓటు ఎలా, పదవి ఎన్నాళ్ళు, సమావేశానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కోరం (సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, డబ్బు ఎవరి సంతకంతో కదులుతుంది, నియమాలు మార్చాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే మీ ప్రాంతపు చట్టం అడిగే మిగతా వివరాలను విడిగా జత చేయండి.

ఓటు విషయంలో వెతుక్కోవాల్సిన పని లేదు. 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి ఒక సహకార దుకాణం పెట్టారు. ఎవరి వాటా ఎంతైనా మనిషికి ఒకటే ఓటు అన్నారు. ప్రపంచంలోని సహకార సంఘాల్లో చాలావరకు నేటికీ ఆ సూత్రం మీదే నిలబడ్డాయి. ఎక్కువ చందా ఇచ్చినవాళ్ళకు, వ్యవస్థాపకులకు ప్రత్యేక హోదా పెట్టాలనే ప్రతిపాదన మీ దగ్గరకూ వస్తుంది. ఒప్పుకోకండి.

పదవీకాలం గురించి మాత్రం గట్టిగా ఉండాలి. రాబర్ట్ మిచెల్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1911లో, సమానత్వం గురించి అందరికన్నా ఎక్కువ మాట్లాడే జర్మన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీనే తీసుకుని, అందులో కూడా అధికారం చివరికి కొద్దిమంది చేతుల్లోకి ఎలా చేరుతుందో చూపించాడు. సమాచారం వాళ్ళ దగ్గరే ఉంటుంది, అనుభవం వాళ్ళకే వస్తుంది, మిగతావాళ్ళు అలసిపోతారు. (ఆయన తర్వాత ముస్సోలినీ పార్టీలో చేరాడు, అది వేరే కథ.) నా సలహా: రెండేళ్ళ పదవి, వరుసగా రెండుసార్లకు మించి వద్దు. అధ్యక్షుడు, కోశాధికారి ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. "ఆయన తప్ప ఎవరూ చేయలేరు" అనే మాట మొదటిసారి వినిపించిన రోజే ఆయన పక్కన ఇంకో మనిషిని పనిలో పెట్టండి.

ఒక్క నియమం మాత్రం ఏ ఒత్తిడి వచ్చినా వదలొద్దు. సభ్యుల్లో ఐదో వంతు మంది రాసి అడిగితే, ఇన్ని రోజుల్లోగా ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టి తీరాలి. అధ్యక్షుడు పెట్టకపోతే అడిగినవాళ్ళే పెట్టుకోవచ్చు. ఇది రాసి ఉన్నచోట దాన్ని వాడాల్సిన అవసరం చాలా అరుదుగా వస్తుంది.

"మనమంతా స్నేహితులమే, రూల్స్ ఎందుకు" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. రూల్స్ లేనిచోట కూడా నిర్ణయాలు ఎవరో ఒకరు తీసుకుంటూనే ఉంటారు. ఎవరు తీసుకున్నారో చెప్పలేం, అంతే తేడా.

3. సమావేశాన్ని నేర్చుకోండి

1863లో అమెరికా సైన్యంలో ఇంజనీరుగా ఉన్న హెన్రీ మార్టిన్ రాబర్ట్‌ను న్యూ బెడ్‌ఫర్డ్ ఊళ్ళో ఒక చర్చి సభకు అధ్యక్షత వహించమన్నారు. ఎలా నడపాలో తెలియక సభ రసాభాస అయింది. ఆ అవమానంతో ఆయన సభా నియమాలు చదవడం మొదలుపెట్టి 1876లో ఒక నియమావళి అచ్చువేశాడు. ఇప్పటికీ అమెరికాలో వేల సంఘాలు దాన్నే అనుసరిస్తాయి. సభ నడపడం ఎవరికీ పుట్టుకతో రాదు. మీకు రాకపోతే సిగ్గుపడక్కర్లేదు, కింది పద్ధతితో మొదలుపెట్టండి.

వారం ముందు ఎజెండా పంపండి. "చర్చించవలసిన అంశాలు: పార్కు విషయం" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "పార్కు గేటు రాత్రి తొమ్మిదికి మూయాలా, పదికి మూయాలా" అని రాయండి. ఎజెండా చివర ఎప్పుడూ ఉండే "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" మీద ఓ కన్నేయండి. సగం మంది ఇంటికి వెళ్ళిపోయాక పెద్ద నిర్ణయాలు దూరేది ఆ తలుపులోంచే. ఆ అంశం కింద డబ్బు గురించి, పదవుల గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదని నియమావళిలోనే రాసేయండి.

సభ మొదట్లో గత సమావేశపు నిర్ణయాలు చదవండి. ఒక్కోదాని పక్కన "అయింది", "కాలేదు", "ఎందుకు కాలేదు". ఇది పది నిమిషాల పని. దీన్ని మానేసిన సంఘాల్లో సభలు నెమ్మదిగా ఉపన్యాసాలుగా, ఆపైన సన్మానాలుగా మారిపోతాయి.

మాట్లాడేటప్పుడు రెండే పద్ధతులు పాటించినా చాలు. ఇంతవరకు మాట్లాడనివాళ్ళకు ముందు అవకాశం. అధ్యక్షుడు తన అభిప్రాయం అందరికన్నా చివర చెప్పాలి. అధ్యక్షుడు ముందే "నాకైతే ఇదే మంచిదనిపిస్తోంది" అంటే, ఆ తర్వాత వినిపించేవి చాలావరకు తలూపడాలే. ఒకరికి మూడు నిమిషాలు అని గడియారం పెట్టండి. మొదటిసారి పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, రెండో సభకు అలవాటైపోతుంది.

ఓటుకు ముందు తీర్మానాన్ని కాగితం మీద రాసి గట్టిగా చదవండి. దేనికి ఓటేస్తున్నామో తెలియకుండా చేతులెత్తడం ఎంత మామూలో, ఒకసారి చదివించి చూస్తే మీకే తెలుస్తుంది. విషయాల మీద చేతులెత్తే ఓటు సరిపోతుంది. మనుషుల మీద, అంటే పదవులకు ఎన్నిక, ఎవరినైనా తొలగించడం లాంటివాటి మీద రహస్య ఓటే పెట్టండి. చీటీలు చింపడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

ఏకగ్రీవం అనే మాటంటే మనకు మహా ముచ్చట. నాకు మాత్రం అనుమానం. ఇరవై మంది కూర్చుని ప్రతి నెలా ప్రతి విషయంలోనూ ఏకగ్రీవమైతే, కాదనేవాళ్ళు రావడం మానేశారని అర్థం. మినిట్స్‌లో "తీర్మానం ఆమోదించబడింది" అని ఊరుకోకుండా ఎంతమంది అనుకూలం, ఎంతమంది వ్యతిరేకం, వ్యతిరేకించినవాళ్ళు చెప్పిన కారణం ఏమిటి అని ఒక్క వాక్యం రాయండి. ఓడినవాడు తన మాట పుస్తకంలో చూసుకుంటే వచ్చే నెల మళ్ళీ వస్తాడు. ఓటు ఓడిపోయి, కోపం దిగమింగి, తిరిగి అదే గదికి రావడం మనిషి ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి. పార్లమెంటు నేర్పదు, ఇలాంటి చిన్న గదులే నేర్పాలి. నేనైతే ఒక అడుగు ముందుకేసి, గట్టిగా వ్యతిరేకించిన మనిషికే లెక్కల తనిఖీ పని అప్పగించమంటాను.

వాట్సాప్ గ్రూపు కబురు చెప్పడానికి బాగుంటుంది, నిర్ణయానికి కాదు. అక్కడ మౌనం అంగీకారం కాదు, బొటనవేలు బొమ్మ ఓటు కాదు. అత్యవసరమై అక్కడే ఏదైనా తేల్చాల్సి వస్తే, తర్వాతి సభలో దాన్ని మళ్ళీ పెట్టి ఓటు తీసుకోండి.

4. లెక్కలు చదివి వినిపించండి

రాజస్థాన్‌లో 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే చిన్న సంఘం మొదలైంది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ దాని తొలి మనుషుల్లో కొందరు. కూలీలకు కనీస వేతనం ఎందుకు అందడం లేదని ఆరా తీస్తే, చిక్కంతా కార్యాలయంలో ఉన్న కాగితాల్లో ఉందని తేలింది. 1994 డిసెంబరులో కోట్ కిరానాలో మొదటి బహిరంగ విచారణ, వాళ్ళ మాటల్లో జన్ సున్‌వాయీ, పెట్టారు. చేసిందల్లా మస్టర్ రోళ్ళు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు గట్టిగా చదవడం. ఆ పేర్లున్నవాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆ పనికి తాము వెళ్ళనే లేదని కొందరు, కాగితంలో కట్టినట్టున్న కట్టడం నేల మీద లేదని ఇంకొందరు లేచి చెప్పారు. అక్కడి నుంచి 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా, దేశవ్యాప్త ఉద్యమం, చివరికి 2005లో సమాచార హక్కు చట్టం. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టంలోనే సామాజిక తనిఖీ, అంటే లెక్కలను జనమే సరిచూసే పద్ధతి, చేరింది.

ఈ పద్ధతిలోని బలమంతా చదవడంలో ఉంది. లెక్కలు ఫైలులో "ఎవరైనా చూసుకోవచ్చు" అని పెట్టడం వేరు, సంబంధమున్నవాళ్ళ మధ్య, అర్థమయ్యే భాషలో, పేరుపేరునా చదవడం వేరు. ఈ కొలతను ప్రభుత్వం మీద పెట్టే ముందు మీ సంఘం మీద పెట్టుకోండి.

నెలకు ఒక పేజీ: మొదట్లో ఎంత ఉంది, ఏం వచ్చింది, దేనికి పోయింది, ఎంత మిగిలింది. దాన్ని కోశాధికారి కాకుండా ఇంకో సభ్యుడు చదవాలి. తాను రాసిన లెక్క తాను చదివితే గతుకులు వినపడవు. చదివాక ప్రశ్నల కోసం కాసేపు ఆగండి. "ప్రశ్నలేమైనా ఉన్నాయా, లేవు కదా, సరే" అనే వేగంతో కాదు. తర్వాత ఆ పేజీని అందరూ చూసే చోట అంటించండి.

బ్యాంకు నుంచి డబ్బు తీయాలంటే రెండు సంతకాలు ఉండాలి. చేతిలో ఉంచుకునే నగదుకు పరిమితి రాసిపెట్టండి. చందా ఎంత చిన్నదైనా రసీదు, ఖర్చు ఎంత చిన్నదైనా వోచర్. ఏడాదికోసారి కార్యవర్గంలో లేని ఇద్దరు సభ్యులను చీటీ తీసి ఎంచి, క్యాష్ బుక్ వాళ్ళకిచ్చి నివేదిక ఇమ్మనండి. చట్టం అడిగే ఆడిట్ దీనికి అదనం. నిజాయితీపరుడైన కోశాధికారికి ఇది అవమానం అనిపించవచ్చు. మొదటిరోజే అందరికీ ఒకే నియమం పెడితే ఎవరి మీదా అనుమానపడినట్టు ఉండదు. ఆరోపణ వచ్చాక పెడితే మాత్రం కచ్చితంగా అవమానమే.

దాతల విషయం కూడా ఇక్కడే. ఏడాది రాబడిలో ఏ ఒక్కరి డబ్బూ నాలుగో వంతు దాటనివ్వకండి. మీరు ఎవరి పనిని ప్రశ్నించాల్సి రావచ్చో, ఆ కాంట్రాక్టరు దగ్గర, ఆ నాయకుడి దగ్గర అసలు తీసుకోకండి. మైకు సెట్టు ఉచితంగా ఇచ్చినవాడి మీద ఆ మైకులో మాట్లాడటం కష్టం.

5. గదిలో లేనివాళ్ళను లెక్కపెట్టండి

సభకు ఎవరొచ్చారో అందరూ రాసుకుంటారు. రానివాళ్ళ జాబితా రాయండి. అద్దెకుండేవాళ్ళు, ఆడవాళ్ళు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు, వేరే కులం, వేరే మతం, వేరే భాషవాళ్ళు, మెట్లు ఎక్కలేనివాళ్ళు. తర్వాత "వాళ్ళకు ఆసక్తి లేదు" అనే మాటను పక్కన పెట్టి, సభ పెట్టే వేళ, చోటు మార్చి చూడండి. చందా కట్టలేనివాళ్ళకు చందా లేని సభ్యత్వం పెట్టండి, ఓటు మాత్రం సమానంగా ఉండాలి. పిల్లల్ని చూసుకోడానికి ఒకరిని పెట్టడం చిన్న ఏర్పాటే. దానివల్ల ఎవరు రాగలుగుతారో చూశాక మీరే మానరు.

మర్యాద కోసం మాత్రమే ఈ తంటా పడమనడం లేదు. అసలు సమస్య ఏమిటో చెప్పగలిగేది తరచుగా ఆ రానివాళ్ళే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులు పెట్టింది చదువు కోసం. అక్కడ ఆడవాళ్ళు ఒకచోట కూర్చోవడం మొదలయ్యాక బయటికొచ్చిన మాట సారా. 1992లో రోసమ్మ లాంటివాళ్ళు ముందు నడిచిన ఆ ఉద్యమం సారా వేలంపాటలను అడ్డుకుంది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. అంతకుముందు ఊళ్ళలో సంఘాలు లేక కాదు. ఆ సంఘాల్లో వీళ్ళు లేరు.

6. కార్యాలయానికి వెళ్ళేటప్పుడు

దయ అడగొద్దు, కాగితం అడగండి. "సార్, మా రోడ్డు కొంచెం చూడండి" అంటే ఆయన ఇష్టం మీద ఆధారపడ్డట్టు. "ఈ రోడ్డు పనికి మంజూరైన అంచనా, కాంట్రాక్టు, కొలతల పుస్తకం నకలు ఇవ్వండి" అంటే ఆయన సమాధానం చెప్పాలి. స్వీడన్‌లో 1766 నుంచే ప్రభుత్వ పత్రాలు చూసే హక్కు ఉంది. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. భారతదేశంలో మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

వరస ఇలా పెట్టుకోండి. ముందు ఆ పని ఎవరి బాధ్యతో కచ్చితంగా తెలుసుకోండి. సగం అర్జీలు తప్పు బల్ల మీద చచ్చిపోతాయి. పత్రాలు తెచ్చుకుని ఇద్దరు ముగ్గురు కూర్చుని చదవండి. వాటిని పట్టుకుని నేల మీదకు వెళ్ళి కొలవండి, ఫోటోలు తీయండి, తేదీ రాయండి. తర్వాత అందరినీ పిలిచి చదివి వినిపించండి. ఆ సభకు సంబంధిత అధికారినీ పిలవండి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వండి. ఆయన చెప్పింది సబబైతే ఒప్పుకోండి. ఒక్కోసారి తప్పు మనం అనుకున్నచోట ఉండదు. ఇదంతా అయ్యాక ఒకే పేజీలో అర్జీ: ఏం కనిపించింది, ఏం కావాలి, ఎప్పటిలోగా. తీసుకున్నట్టు ముద్ర, తేదీ వేయించుకోనిదే బయటికి రావొద్దు. జవాబు రాకపోతే పై అధికారికి ఎప్పుడు రాయాలో ఆ రోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఎప్పుడూ ఒక్కరే వెళ్ళకండి. ముగ్గురు వెళ్ళండి, ప్రతిసారీ అందులో ఒకరు కొత్తవాళ్ళై ఉండాలి. ఒకే మనిషి వెళ్తుంటే కొన్నాళ్ళకు అధికారులకు ఆయనే సంఘం అయిపోతాడు. అప్పుడు ఆయన్ను మచ్చిక చేసుకున్నా, భయపెట్టినా సంఘం పని అయిపోయినట్టే. భయపెట్టడం ఊరికే అన్న మాట కాదు. సమాచారం అడిగినందుకు భారతదేశంలో కొందరి మీద దాడులు జరిగాయి, ప్రాణాలూ పోయాయి. సున్నితమైన విషయమైతే ఒకే దరఖాస్తును చాలామంది సభ్యులు విడివిడిగా పెట్టండి, పెట్టామని అందరికీ తెలిసేలా చెప్పండి.

పని అయ్యాక కృతజ్ఞతలు రాతపూర్వకంగా చెప్పండి. నాయకుడితో ఫోటో దిగి గ్రూపులో పెట్టడం కన్నా అది హుందాగా ఉంటుంది.

ఫిర్యాదుల దశ దాటితే బడ్జెట్‌లోకి వెళ్ళండి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరంలో 1989లో నగర బడ్జెట్‌లో పెట్టుబడుల భాగాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో పేటల వారీ సభల్లో జనమే తేల్చే పద్ధతి మొదలైంది. మేయర్‌కు ఒక్కడికే తట్టిన ఆలోచనగా దాన్ని చెబుతుంటారు. కానీ బడ్జెట్ మీద తమకూ మాట ఉండాలని అక్కడి పేటల సంఘాలు అంతకుముందు నుంచే అడుగుతూ ఉన్నాయి. మీ స్థానిక సంస్థ బడ్జెట్ ఏ నెలలో తయారవుతుందో కనుక్కోండి. ఆమోదం పొందాక వెళ్తే వినేవాళ్ళుండరు, అంకెలు ఇంకా పెన్సిల్‌తో ఉన్నప్పుడు వెళ్ళాలి.

7. ఎన్నికల కాలం

సంఘాలు చీలిపోయేది ఎక్కువగా ఇప్పుడే. అందుకని నియమాలు ఎన్నికలు రాకముందే రాసుకోవాలి. సంఘం ఏ పార్టీకీ, ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించదు. సభ్యులు తమ ఇష్టం వచ్చిన పార్టీకి పనిచేయవచ్చు, సంఘం పేరు, జెండా, ఫోన్ నంబర్ల జాబితా వాడకూడదు. పదవిలో ఉన్నవాళ్ళు పోటీ చేసినా, ప్రచారంలో దిగినా ముందు రాజీనామా చేయాలి. సెలవు పెట్టడం చాలదు. "మన సంఘం ఓట్లన్నీ మీకే" అని ఎవరైనా ఎక్కడైనా చెప్పి వచ్చారని తెలిస్తే దాన్ని సభలోనే అడగండి. ఎవరి ఓటునూ ఇంకొకరు మాట ఇవ్వలేరు.

మౌనంగా కూర్చోమని కాదు. ఓటరు జాబితా తెచ్చి ఇంటింటికీ సరిచూడండి. పేర్లు పోయినవాళ్ళకు గడువులోగా దరఖాస్తు పెట్టించండి. అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదకు పిలిచి, అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే సమయం ఇవ్వండి. రానివాళ్ళ కుర్చీ ఖాళీగా ఉంచండి. భారతదేశంలో అభ్యర్థుల అఫిడవిట్లు చదివి వినిపించవచ్చు. కేసులు, ఆస్తులు, చదువు వెల్లడించాలన్న నియమం కూడా ఒక సంఘం వల్లే వచ్చింది. 1999లో కొందరు ప్రొఫెసర్లు పెట్టిన అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ కోర్టుకెళ్ళింది, 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఓట్ల లెక్కింపు దాకా వెళ్ళిన సంఘాలూ ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో 1986 ఎన్నికల్లో నామ్‌ఫ్రెల్ అనే పౌర సంస్థ వాలంటీర్లు పోలింగ్ కేంద్రాల దగ్గర కాపలా కాసి తమ సొంత లెక్క కట్టారు. అధికారిక లెక్కలో అధ్యక్షుడు మార్కోస్ ముందుంటే వీళ్ళ లెక్కలో ఆయన ప్రత్యర్థి కొరజాన్ అక్వినో ముందుంది. ఆ తేడా దేశమంతా చూసింది. అలాంటి పని చేయాలంటే మీ దేశ చట్టం పరిశీలకులకు ఏం అనుమతిస్తుందో ముందు చదవాలి, శిక్షణ తీసుకోవాలి. ఉత్సాహం ఒక్కటే ఉంటే ప్రమాదం.

8. పెద్ద ఆపద రాకముందే పరిచయాలు

1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో బస్సులో తెల్లవాళ్ళ కోసం సీటు వదలనన్నందుకు నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. ఆ రాత్రే విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అధ్యక్షురాలు జో ఆన్ రాబిన్సన్ వేల కరపత్రాలు ముద్రించింది. నాలుగు రోజులకల్లా బస్సుల బహిష్కరణ మొదలై 381 రోజులు సాగింది. ఆ వేగం ఒక్క రాత్రిలో రాలేదు. ఆ మహిళల సంఘం బస్సుల గురించి అప్పటికే మేయర్‌కు లేఖ రాసి ఉంది, బహిష్కరణ ఎలా చేయాలో మాట్లాడుకుని ఉంది.

మీకు చేయగలిగింది ఇదీ: మీలాంటివి కాని మూడు నాలుగు సంఘాలతో మామూలు రోజుల్లోనే పరిచయం పెంచుకోండి. ఏడాదికోసారి ఒకరి సభకు ఒకరు వెళ్ళండి. ట్యునీషియాలో 2013లో రాజకీయ హత్యల తర్వాత దేశం అంతర్యుద్ధం అంచుకు చేరినప్పుడు పార్టీలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది నాలుగు సంస్థలు: కార్మిక సంఘం, యజమానుల సంఘం, మానవ హక్కుల లీగ్, లాయర్ల సంఘం. మొదటి రెండూ రోజూ కొట్లాడుకునేవే. వాళ్ళు కలిసి అడిగారు కాబట్టే పార్టీలు కాదనలేకపోయాయి. 2014లో కొత్త రాజ్యాంగం వచ్చింది, 2015లో ఆ నాలుగు సంస్థల కూటమికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2021లో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశాడు. ఒకసారి గెలిచిన సంఘాలకు సెలవు దొరకదని తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

9. కుర్చీ దిగేటప్పుడు

పదవీకాలం ముగిసిన కార్యవర్గం వారం రోజుల్లో కొత్తవాళ్ళకు ఇవన్నీ సంతకాలతో అప్పగించాలి: మినిట్స్ పుస్తకాలు, క్యాష్ బుక్, రసీదు పుస్తకాలు వాడనివి కూడా, బ్యాంకు సంతకాల మార్పు, రిజిస్ట్రేషన్ కాగితం, రబ్బరు స్టాంపు, సభ్యుల జాబితా, ఈమెయిల్ పాస్‌వర్డ్, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ హోదా. పెండింగ్ అర్జీల జాబితా విడిగా రాయండి, ఒక్కోదాని పక్కన తేదీ, కార్యాలయం, తర్వాత ఏం చేయాలో ఉండాలి. గొడవలు ఎక్కువగా వచ్చేవి చివరి రెండింటి మీదే, అంటే పాస్‌వర్డ్, అడ్మిన్ హోదా. అందుకని వాటిని సర్వసభ్య సమావేశంలోనే, ఎన్నిక ఫలితం చెప్పిన వెంటనే, అందరి ముందు మార్పించండి. దిగిపోయిన అధ్యక్షుడు మొదటి మూడు నెలలు అడిగితే సలహా ఇవ్వాలి, అడగకపోతే వెనక వరసలో కూర్చోవాలి. మళ్ళీ పోటీ చేయాలనుంటే ఒక విడత ఆగి చేయవచ్చు.